చూసే అక్షరం, చదివే అక్షరం

మొన్నటి ఉగాదికి మన సంఘం హాలు గుమ్మానికి కట్టిన గుడ్డను అందరం మెచ్చుకొన్నాము. మామిడాకు పచ్చ, అంచులకు బంగారు నీడ, విల్లులా వంగిన అక్షరాలు. నా తరగతిలోని పదేళ్ళ పిల్ల మాత్రం దానిని కూడబలుక్కొని, "మాస్టారూ, ఇందులో క్ష ఏదండీ?" అని అడిగింది. చూద్దును గదా, 'శుభాకాంక్షలు' అన్న మాటలో క పొల్లుతో ఒకచోట, ష దాని పక్కన విడిగా నిలబడి ఉన్నాయి! ఆ పిల్ల చదివింది. మేము పెద్దలం చూశామేగాని చదవలేదు.

అలంకారం మీద నాకు కోపం లేదు. మన పూర్వులు అక్షరాలతో పద్మాలు, చక్రాలు, నాగులు కట్టారు. భారవి, మాఘుడు వంటి సంస్కృత మహాకవులే ఈ బంధాలు రచించారు. చిత్రకవిత్వం తక్కువరకమని ఆలంకారికులు తీర్పు చెప్పిన మాట నిజమే. అయినా అందులో ఒక కట్టుబాటు ఉంది. పద్మం నడుమనున్న అక్షరాన్ని ప్రతి రేకుతోను కలిపి చదువుకోవాలి. చదవడం రానివాడికి ఆ పద్మం విచ్చుకోదు.

ఇక బాపు (1933–2014) రాత చూడండి. తలకట్టు విసురుగా లేస్తుంది, వత్తు ఠీవిగా కూర్చుంటుంది. ఎంత వంపు తిరిగినా ఏ అక్షరం ఏదో తెలుస్తూనే ఉంటుంది. ఆ చేతిరాతను బట్టి కంప్యూటరు అక్షరాలు కూడా తయారైనాయి. అవి అందమైనవే. కాని చేత్తో రాసినప్పుడు ఏ రెండు 'క'లూ ఒకటిగా ఉండవు. అచ్చులో అన్నీ కవలపిల్లలే. ప్రతి శుభలేఖ మీదా అవే కనబడితే ఆ విసురు కాస్తా అలవాటైపోతుంది.

మూడవ రకం అక్షరాల పొట్టల్లో పూలు నింపడం. ఇది ప్రమాదం. ద పొట్టలో చుక్క పెట్టి, అడుగున చిన్న గీత గీస్తే థ అవుతుంది. చుక్కంత పువ్వు, గీతంత తీగ చేరితే 'కద' కాస్తా 'కథ' అయి కూర్చుంటుంది. రోమను లిపికి కుదిరిన ముస్తాబు మన లిపికి కుదరకపోవడానికి కారణం ఇదే.

గుడ్డ మీద జరిగిన తప్పు వేరు. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగు ఉంది. అయితే కంప్యూటరులో క, పొల్లు, ష వరుసగా ఉంటాయి. వాటిని క్షగా కూర్చే ఏర్పాటు బొమ్మలు గీసే ప్రోగ్రాములో కూడా ఉండాలి. లేకపోతే అవి విడిపోతాయి. అచ్చువేసిన అబ్బాయికి తెలుగు రాదు, అతనిని అనవలసిన పని లేదు. చదవడం వచ్చిన మనం ఏం చేస్తున్నట్టు?

తోటల్లో మన తాతలు తెలుగును చాలావరకు చెవితో, నోటితో నిలిపారు. అక్షరం మనకు తరగతుల్లో వచ్చింది. నేనూ అలా దిద్దుకొన్నవాడినే. ఇంట్లో తెలుగు అచ్చు కనబడని పిల్లకు గుమ్మం మీది గుడ్డే రెండవ వాచకం. అందులో తప్పుంటే తన పాఠాన్నే అనుమానిస్తుంది.

వచ్చే ఉగాదికి అచ్చుకు పంపేముందు ఆ మాటలను ఒక పిల్లచేత బిగ్గరగా చదివిద్దాము. తడబడకుండా చదివితే, అప్పుడు వేయండి ఎంత బంగారమైనా.