ఆయిల్ మార్చడం తెలిసినవాడు

చేజర్లలో బైకు మెకానిక్ పనితనం చూడాలంటే ఆయిల్ మార్చేటప్పుడు చూడాలి. "ఒక్క నిమిషం బండి స్టార్ట్ చేసి పెట్టన్నా" అంటాడు. ఇంజన్ వెచ్చబడితే పాత ఆయిల్ పల్చబడి, అడుగున ఉన్న మడ్డితో సహా దిగుతుంది. కారే నల్లటి ఆయిల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తాడు. గరుకు తగిలినా, రజను మెరిసినా లోపల అరుగుదల మొదలైనట్టే.

మన నెల్లూరు ఎండల్లో, ఆత్మకూరు, సోమశిల వైపు బరువులేసుకుని తిరిగే బండికి సింథటిక్ ఆయిలే మేలంటాడు. నిజమే. ముడిచమురును శుద్ధి చేసి తీసిన మామూలు ఆయిల్‌లో అణువులు చిన్నాపెద్దా కలగలిసి ఉంటాయి. వేడికి తొందరగా మడ్డి కడుతుంది. సింథటిక్‌లో అణువులు దాదాపు ఒకే తీరు. వేడికి తట్టుకుంటుంది, ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది. ధరా ఎక్కువే, అందుకే ఎవరికీ అంటగట్టడు. పాత బండికి కంపెనీ పుస్తకంలో 20డబ్ల్యూ-40 అని ఉంటే అదే పోస్తాడు. కారు ఆయిల్ మాత్రం గేర్ల బైకులో ససేమిరా పొయ్యడు. బైకు క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, కారు ఆయిల్‌కి స్లిప్ కావచ్చు. డబ్బా మీద, ఇలాంటి క్లచ్‌కి సరిపడే ఆయిలని చెప్పే జాసో ఎంఏ గుర్తు చూపించి మరీ మూత తీస్తాడు.

ఇలాంటి మెకానిక్ మీ ఊళ్లో ఉంటే, కూలి దగ్గర బేరమాడకండి.