బీజకణ వంశకథకు తొలిపలుకు

పిండం రూపొందే తొలి దశలోనే కొన్ని కణాలు దేహాన్ని నిర్మించి ఆ దేహంతోనే అంతరించడానికీ, స్వల్పసంఖ్యలో మరికొన్ని అండాలుగానో శుక్రకణాలుగానో పరిణమించి వంశాన్ని కొనసాగించడానికీ ఏ కారణం చేత వేరుపడతాయన్న ప్రశ్న వెనుక నూరేళ్లకు పైబడిన అన్వేషణ ఉంది. ఆ అన్వేషణను సాకల్యంగా పరిశీలించి, తెలుగు పాఠకుల ముందుంచిన నా శిష్యురాలి గ్రంథానికి పీఠిక రాసే భాగ్యం నాకు లభించింది.

ఫ్రైబుర్గ్‌లో ఆచార్యత్వం నెరపిన ఆగస్ట్ వైస్‌మన్, చూపు మందగించి సూక్ష్మదర్శినికి దూరమైనా మననాన్ని విడువక, బీజద్రవ్యం తరతరాలకు అవిచ్ఛిన్నంగా సంక్రమిస్తుందనీ, దేహం ఆర్జించిన మార్పులు దానిని చేరవనీ 1892 నాటి గ్రంథంలో విస్తరించి ప్రతిపాదించారు. దానికి కంటికి కనబడే సాక్ష్యం థియోడర్ బొవేరి అందించారు. గుర్రం పేగులలో పెరిగే ఏలికపాము పిండంలో, దేహంగా మారబోయే కణాల క్రోమోజోములు కొసలు కోల్పోయి ముక్కలవుతుండగా, బీజవంశానికి చెందిన కణం మాత్రం వాటిని అఖండంగా నిలుపుకోవడం ఆయన చూశారు. అంతటితో తృప్తిపడక, అండాలను అపకేంద్రయంత్రంలో తిప్పి వాటి విభజన తీరును మార్చి, ఒకటికి మించిన కణాలలో క్రోమోజోములు చెక్కుచెదరక మిగలడం గమనించి, కణం గతిని నిర్దేశించేది దానికి దక్కిన కణద్రవ్యమేనని 1910లో ప్రకటించారు. కణం గతిని నిర్ణయించే అంశాలు, అంటే నిర్ణాయకాలు, కేంద్రకంలోనే పంపకమవుతాయన్న వైస్‌మన్ ఊహ అక్కడ సవరణ పొందింది. పూర్వుని దర్శనాన్ని శిరసావహిస్తూనే సరిదిద్దిన ఆ వినయాన్ని, ఆ ధైర్యాన్ని రచయిత్రి తొందరపడకుండా చిత్రించింది. గ్రంథమంతటిలో నాకు అత్యంత ప్రీతిపాత్రమైన భాగమిదే.

పండ్ల ఈగ అండంలో వెనుక కొసన ఉండవలసిన ఆస్కార్ జన్యు సందేశాన్ని ముందు కొసకు చేర్చి, అక్కడ బీజకణాలు పుట్టేటట్టు చేసిన ఎఫ్రూసి, లేమన్‌ల 1992 నాటి ప్రయోగం బొవేరి మార్గానికే కొనసాగింపు. ఎలుక దారి వేరు. అక్కడ తల్లి అండం ముందే పంచిపెట్టిన బీజద్రవ్యమేదీ కానరాదు; పక్కనున్న కణజాలం నుండి అందే బీఎంపీ4 అనే ప్రోటీన్ సంకేతమే పిండకణాలలో కొన్నింటిని బీజమార్గానికి మళ్లిస్తుందని 1999లో తేలింది. పుట్టుకతో దక్కిన వారసత్వం ఒకచోట, పొరుగు కణాల ప్రేరణ మరొకచోట. ఈ భేదాన్ని ఏ ఒక్క సూత్రంలోనూ బలవంతంగా ఇమడ్చకపోవడం రచయిత్రి పాండిత్యానికి నిదర్శనం.

మానవ పిండాన్ని గురించిన అధ్యాయం మాత్రం ఇంకా పెరగాలి. మానవ బీజకణాల ఆవిర్భావంలో సాక్స్17 జన్యువు వహించే ప్రధానపాత్ర ఎలుకలో దానికి లేదని 2015లో వెల్లడైన విషయానికి ఇక్కడ రెండు పుటలే దక్కాయి. మలిముద్రణలో దానికి తగిన విస్తృతి కల్పించవలసిందిగా ఆశీర్వదించి కోరుతున్నాను.