కొబ్బరాకుల నడుమ మరియన్ నార్త్

చూడండి, తొందరపడకుండా చూడండి. 1877 ప్రాంతంలో సిలోన్‌లోని (నేటి శ్రీలంక) కలుతరలో ఛాయాగ్రాహకురాలు జూలియా మార్గరెట్ కామెరన్ తీసిన ఛాయాచిత్రం ఇది. ఆ గోధుమవన్నె నీడల్లోకి చూపు మెల్లగా దిగాలి. విడిచిన కురులు, ఒంటిని చుట్టుకుని జాలువారే కాశ్మీరు శాలువా, వెనక నుంచి తలలోకే చొచ్చుకొస్తున్నట్టు వాడివాడి కొబ్బరాకులు! థర్మామీటరు 96 డిగ్రీల ఫారన్‌హీట్ చూపుతున్న మిట్టమధ్యాహ్నం అది. ఆకుల సందుల్లోంచి ఎండ చిందులేస్తూ దిగి వస్తోంది.

ఇంగ్లండులో కామెరన్ చేసిన పని మరొకటి. ఎదుట ఉన్నది కవి టెన్నిసన్ కానీ, ఖగోళశాస్త్రజ్ఞుడు హెర్షెల్ కానీ, ఆ ముఖం చుట్టూ ఉన్న లోకాన్నంతా చీకట్లో కరిగించేసేది. ఇక్కడ చీకటికి చోటేది? ఆకు వచ్చింది, ఎండ వచ్చింది, ముఖంతో సమానంగా నిలబడ్డాయి. అందుకే నాకు ఆమె చిత్రాలన్నిటిలో ఇది ఇంత ఇష్టం. ఆకుల నడుమ నిలబెట్టిన మనిషి ఎవరో కామెరన్‌కి తెలుసు!

ఆ మనిషి చిత్రకారిణి మరియన్ నార్త్. తండ్రి పోయాక, 1871 నుంచి దేశదేశాలు ఒంటరిగా తిరిగింది. జమైకా, బ్రెజిల్, బోర్నియో, జావా, ఆ తర్వాత మన దేశం. పువ్వును కోసి తెల్లకాగితం మీద పరిచే పద్ధతి ఆమెకు గిట్టదు. పువ్వు పుట్టిన చోటే, దాని కొండతో, దాని వానమబ్బుతో, దాని మీద వాలిన పురుగుతో సహా తైలవర్ణాల్లో దించేది. ఎంత రంగు, ఎంత ధీమా, ఎంత దాహం! కొందరికి ఆ రంగులు మరీ ముదురుగా తోస్తాయి. ఉష్ణమండలపు పచ్చదనానికి మొహమాటం ఉండదు; ఆమె కుంచెకూ లేదు.

ఇన్ని ఎరుపులు, ఇన్ని పచ్చలు కలిపిన చేతులు ఈ ఛాయాచిత్రంలో ఒక్క వన్నెలో ఒదిగిపోయాయి. కామెరన్ తనకు తీసిన బొమ్మలు నార్త్‌కి నచ్చలేదు. చప్పగా ఉన్నాయని తన స్మృతుల్లో రాసుకుంది. నేను ఒప్పుకోను. జీవితమంతా చెట్లకు పటం కట్టిన మనిషిని చెట్టే వచ్చి పటం కట్టుకున్న క్షణం చప్పనిదెలా అవుతుంది?

లండన్ వెళ్తే క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానంలో 1882లో తెరిచిన ఆమె గ్యాలరీకి వెళ్లండి. గోడ కనపడకుండా 832 చిత్రాలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ! వెళ్లేముందు మాత్రం ఈ ముఖాన్ని కళ్లలో నింపుకోండి. ఆ రంగులన్నీ ఎవరి చూపులోంచి వచ్చాయో తెలిసి చూస్తారు.