వార్తకు తగాదా ఎందుకు కావాలి? కృష్ణా డెల్టా ఉదాహరణలతో ఒక పరిశీలన



గత పాఠంలో వార్తా విలువల జాబితా చదివారు: సామీప్యం, తాజాదనం, ప్రాముఖ్యం, సంఘర్షణ, వింత. జాబితాను బట్టీ పడితే పరీక్షలో మార్కులు వస్తాయి గాని, రోజూ మీ గుమ్మంలో పడే పత్రిక అర్థం కాదు. అందుకే ఈ పాఠంలో ఒకే ఒక ప్రశ్న తీసుకుంటున్నాం. తగాదాకు, రచ్చకు దొరికేంత చోటు మంచి కబురుకు ఎందుకు దొరకదు? ఉదాహరణలు చాలావరకు విజయవాడ, కృష్ణా డెల్టా పరిసరాలవే. మీలో కొందరు వాటిని కళ్లారా చూసి ఉంటారు.

పడవలు, గేట్లు

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచేసింది. మళ్లింపు కాలువకు గండ్లు పడి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాల్లో జనం రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయారు. అదే సమయంలో కృష్ణానదికీ వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2009 అక్టోబరు నాటి వరదను కూడా అది మించింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీని ఢీకొని గేట్ల కౌంటర్‌వెయిట్లను దెబ్బతీశాయి. కౌంటర్‌వెయిట్ అంటే గేటును ఎత్తేటప్పుడు దాని బరువుకు సరితూగే ఎదురు బరువు.

ఆ రోజుల్లో మూడు కథలు పక్కపక్కనే నడిచాయి. మొదటిది, మునిగిన ఇళ్లలోని మనుషులది. పాలప్యాకెట్లు, నీళ్ల సీసాలు, అన్నం పొట్లాలు పడవల మీద, కొన్నిచోట్ల డ్రోన్ల మీద కూడా వెళ్లాయి. బుడమేరు గండ్లు పూడ్చడానికి సైన్యం దిగింది. రెండోది గేట్లది. అంతకు ముందు నెలలోనే, అంటే 2024 ఆగస్టులో, తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ దింపించిన నిపుణుడు కన్నయ్యనాయుడు. ఆయనే ఇక్కడికీ వచ్చారు. ఆయన పర్యవేక్షణలో కొత్త కౌంటర్‌వెయిట్లు అమర్చారు. మూడోది, ఆ పడవలు ఎవరివన్నది. అధికార పక్షం కుట్ర అంది. ప్రతిపక్షం కాదంది, ఆ పడవల వాళ్ల సంబంధాలు అవతలి పక్షంతోనే అంది. అరెస్టులు జరిగాయి. టన్నుల కొద్దీ బరువున్న ఆ పడవలను నీళ్లలోంచి బయటికి లాగడానికి రెండు వారాలకు పైగా పట్టింది. అన్నాళ్లూ చర్చకు కొదవ లేకపోయింది.

ఈ మూడింటిలో మీకు ఏది ఎక్కువ గుర్తుంది? మా వీధిలో అడిగితే అందరూ పడవల సంగతే చెప్పారు. గేటు బాగుచేసినాయన పేరు చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఎదురు బరువు ఎలా బిగించారో చెప్పగలిగినవాళ్లు అసలు లేరు.

పడవలు ఎవరివి అని అడగడం తప్పు కాదు. ఆ బ్యారేజీని నమ్ముకొని 12 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. దానికి దెబ్బ తగిలితే కారణం తెలియాలి. అయితే ఆ ఒక్క ప్రశ్న మిగిలిన ప్రశ్నలన్నింటినీ మింగేసింది. వరద హెచ్చరిక ఉన్నప్పుడు ఎగువన పడవలను ఎలా కట్టివేయాలి, ఆ పని చూడవలసింది ఏ శాఖ? బుడమేరు 2005లోనూ సింగ్‌నగర్‌ను ముంచిందే, ఆ తరువాత కాలువ సామర్థ్యం గురించి చెప్పిన మాటలు ఎంతవరకు పనులయ్యాయి? కొల్లేరు వైపు పోయే పాత దారిలో ఆక్రమణలు ఎన్ని? ఇవి అసలు రాలేదని అనను. వచ్చాయి, కాని ఒక రోజు వచ్చి మరుగున పడ్డాయి. పడవల కథ మాత్రం ధారావాహికలా సాగింది.

తగాదా వార్త చవక

దీనికి మొదటి కారణం డబ్బు. సిద్ధాంతాల పుస్తకాలు దీన్ని ఆఖరున చెబుతాయి గాని, నేను ముందే చెబుతాను. ఉదయం ఒక నాయకుడు విలేకరుల సమావేశం పెడతాడు. సాయంత్రం అవతలి నాయకుడు దానికి బదులిస్తాడు. ఇద్దరి ముందూ గొట్టాలు పెడితే రెండు గంటల కార్యక్రమం సిద్ధం. ఖర్చు దాదాపు శూన్యం. గేటు మరమ్మతు గురించి రాయాలంటే విలేకరి బ్యారేజీ దగ్గర నిలబడాలి, ఇంజనీరును పట్టుకోవాలి, బరువుల లెక్క తాను అర్థం చేసుకొని పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పాలి. రెండు రోజుల పని. అది అచ్చయ్యేసరికి గేటు బాగైపోతుంది. ఇక అందులో వార్త ఏముంది అంటాడు డెస్కులో కూర్చున్న సబ్ఎడిటర్.

మండల స్థాయిలో పరిస్థితి ఇంకా ఇరుకు. ఈనాడు 1989లో జిల్లా పేజీలను ప్రత్యేక సంచికగా తెచ్చాక మిగిలిన పత్రికలూ అదే దారి పట్టాయి. ఇది తెలుగు పత్రికారంగంలో చాలా పెద్ద మార్పు. మొవ్వ, ఘంటసాల, నాగాయలంక పేర్లు రోజూ అచ్చులో కనబడటం అప్పటి నుంచే. కాని ఆ పేజీలు రోజూ నిండాలి. వాటిని నింపే కంట్రిబ్యూటర్లలో చాలామందికి జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి కొంత డబ్బు ముడుతుంది, ప్రకటనలు తెస్తే కమీషన్ ముడుతుంది. అలాంటి మనిషి నెల రోజులు ఒక పంట కాలువ పూడికతీత వెంట తిరుగుతాడా, పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి నాలుగు ప్రమాదాలు, ఒక కొట్లాట రాసి పంపుతాడా? మీరే ఆ స్థానంలో ఉంటే ఏం చేస్తారో ఆలోచించండి. వ్యక్తి మీద కోపం తెచ్చుకొని లాభం లేదు.

రెండో కారణం మనలోనే ఉంది. నార్వేకు చెందిన యోహాన్ గాల్టుంగ్, మారీ రూగె 1965లో రాసిన వ్యాసం వార్తా విలువల చర్చకు మూలం. మంచి జరగడానికి కాలం పడుతుంది, చెడు ఒక్క క్షణంలో జరిగిపోతుంది, పత్రిక ఒక్క రోజుది కాబట్టి చెడు దాని కొలతకు సరిపోతుంది అన్నది వారి వాదనల్లో ఒకటి. స్టువర్ట్ సొరోకా బృందం 17 దేశాలలో చేసి 2019లో ప్రచురించిన ప్రయోగాల్లో, సగటున మనుషుల శరీరాలు మంచి వార్త కంటే చెడ్డ వార్తకు ఎక్కువగా స్పందించాయి. అయితే మనిషికీ మనిషికీ తేడా చాలా కనబడింది. ఈ రెండో మాటను చాలామంది వదిలేస్తారు. మీరు వదలకండి, ఎందుకంటే ‘జనం అదే చూస్తారు, మేమేం చేస్తాం’ అనే సంపాదకుడికి జవాబు అందులోనే ఉంది.

చనిపోనివారి వార్త

1977 నవంబరు 19. ఈ తేదీ దివిసీమలో పెద్దవాళ్లకు చెప్పనక్కర లేదు. ఉప్పెనలో 10 వేల మందికి పైగా పోయారు. ఆ వార్తలు చదివిన జనం దూరప్రాంతాల నుంచి బియ్యం, బట్టలు, డబ్బు పంపారు. పత్రికలు సహాయనిధులు తెరిచాయి. ఈనాడు నిధితో రామకృష్ణ మిషన్ తోడ్పాటుతో పాలకాయతిప్పలో ఇళ్లు లేచాయి. చెడ్డ వార్త చెడ్డ పనే చేస్తుందనుకోవడం పొరపాటని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇప్పుడు రెండో తేదీకి రండి. 1990 మే నెలలో అంతే భయంకరమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి హెచ్చరిక ముందుగా అందింది. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యిలోపే ఆగింది. వెయ్యి తక్కువ సంఖ్య కాదు, ఆ కుటుంబాల దుఃఖం పూర్తి దుఃఖమే. అయినా 1977తో పోల్చి చూస్తే, వేల మంది బతికి బయటపడ్డారు. 1990 పత్రికల్లో శీర్షికలు కూలిన ఇళ్లవి, పడిపోయిన కొబ్బరిచెట్లవి, శవాలవి. అవి రావలసినవే. కాని బతికిన ఆ వేల మందికి శీర్షిక లేదు, ఉండదు కూడా. చనిపోనివాడి ఫొటో ఎవరు తీస్తారు?

అంతకంటే నెమ్మదైన ఉదాహరణ ఒకటి. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 2020కి ఆ సంఖ్య 28కి దిగింది. మన కాలంలో ఇంతకంటే పెద్ద వార్త నాకు తోచదు. అది ఏ తేదీన జరిగింది? ఏ తేదీనా జరగలేదు. అందుకే ఏ పేజీలోనూ పెద్దగా పడలేదు.

నెమ్మదిగా జరిగే చెడుకు కూడా ఇదే గతి పడుతుందని గమనించండి. కొల్లేరు కుంచించుకుపోవడం, తీరాన భూగర్భజలాలు ఉప్పుబారడం, కాలువ చివరి భూములకు నీరు అందకపోవడం. వీటికీ తేదీ లేదు, కాబట్టి వీటికీ చోటు లేదు. ‘పత్రికలు మంచిని వదిలి చెడును పట్టుకుంటాయి’ అని సభల్లో ఉపన్యాసకులు అనే మాట సగమే సరి. పత్రికలు సంఘటనను పట్టుకొని క్రమాన్ని వదిలేస్తాయి. పి. సాయినాథ్ కరవు జిల్లాల మీద 1996లో తెచ్చిన పుస్తకం అంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

అమ్ముడైన మంచి కబుర్లు

‘అయితే రోజుకో మంచి వార్త వేయమందాం’ అంటారా? కొంచెం ఆగండి. తెలుగు పత్రికల్లో మంచి కబుర్లకు కరవు ఎప్పుడూ లేదు. ర్యాంకుల ఫొటోలు, సన్మానాలు, శంకుస్థాపనలు, ఫలానా ఆసుపత్రి అరుదైన శస్త్రచికిత్స. వీటిలో ఎన్ని వార్తలో, ఎన్ని ప్రకటనలో విడదీయడం అనుభవజ్ఞుడికే కష్టం. 2009 ఎన్నికల్లో ఈ రోగం ముదిరింది. అభ్యర్థి గెలుపు ఖాయమని రాసే ‘వార్త’లకు ధర కట్టారు. ఆ సంగతిని ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో పరిశీలించింది. తరువాత ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘంగా పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డి 2010లో నివేదిక రాశారు. పత్రికల పేర్లు ఉన్న ఆ పూర్తి నివేదికను కౌన్సిల్ మొదట బయట పెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో వెలుగు చూసింది.

అంటే మంచి కబురు అచ్చు కాకపోవడం సగం సమస్య అయితే, అచ్చయిన మంచి కబురును పాఠకుడు నమ్మలేకపోవడం మిగతా సగం. తిట్టు ఎవరూ కొనుక్కోరు కాబట్టి అది నిజమై ఉంటుందని పాఠకుడు అనుకుంటాడు. ఆ నమ్మకం కూడా ఇప్పుడు నిలిచేది కాదు. తెలుగు పత్రికలు, ఛానళ్లు చాలావరకు ఏదో ఒక రాజకీయ పక్షం వైపు ఒరిగి ఉన్నాయని పాఠకులకు తెలుసు. రెండు పత్రికలు కొంటే తప్ప ఒక వార్త పూర్తి కాదు అని మన ఊళ్లలో నవ్వుకుంటారు. నవ్వదగ్గ విషయం కాదు, నెలకు రెండు బిల్లులు.

రచ్చ వార్త ఎంత దూరం వెళ్లగలదో 2010 జనవరిలో చూశాం. వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణం వెనుక ఒక పెద్ద వ్యాపార సంస్థ ఉందన్న ఆరోపణను, ఒక విదేశీ వెబ్‌సైట్‌లో వచ్చిన రాతను పట్టుకొని, ఒక తెలుగు ఛానల్ ప్రసారం చేసింది. నిర్ధారణ ఏదీ లేదు. ఆ రాత్రే రాష్ట్రంలో పలుచోట్ల ఆ సంస్థ దుకాణాల మీద దాడులు జరిగాయి. ఛానల్ బాధ్యులను అరెస్టు చేశారు.

అయినా సంఘర్షణ వార్తను తీసిపారేయడానికి నేను ఒప్పుకోను. కందుకూరి వీరేశలింగం 1874లో మొదలుపెట్టిన వివేకవర్ధని లంచగొండి అధికారుల గుట్టు బయట పెట్టకపోతే మనకు దాని పేరు గుర్తుండేదా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. అది నూటికి నూరుపాళ్లు తగాదా వార్తే. పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, దాన్ని రోజూ పేజీ కేటాయించి మోశాయి. 1993లో సారా నిషేధం వచ్చింది. స్వేచ్ఛగా రాసే పత్రికలున్న ప్రజాస్వామ్య దేశంలో పెద్ద కరవు చావులు జరగవని అమర్త్యసేన్ అన్నది కూడా చెడ్డ వార్త విలువను గురించే. తగాదా ఎవరి అవసరం కోసం అచ్చయింది అన్నదే చూడాలి. దూబగుంటలో తగాదా పడినవాళ్లు తమ బతుకు కోసం పడ్డారు. పడవల చర్చలో మాట్లాడినవాళ్ల ఇళ్లలోకి నీళ్లు రాలేదు.

ఆ నీళ్లు వచ్చిన ఇళ్లవాళ్లకు 2024 సెప్టెంబరులో కావలసిన వార్త వేరు. మంచినీటి ట్యాంకరు ఎక్కడికి వస్తుంది, కరెంటు ఎప్పుడు వస్తుంది, నష్టం లెక్క రాసుకునేవాళ్లు తమ వీధికి ఎప్పుడు వస్తారు. పూర్తిగా మునిగిన కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తుకు 10 వేల రూపాయల సాయం ప్రభుత్వం ప్రకటించింది. జాబితాలో పేరు లేకపోతే ఎవరిని అడగాలి? అద్దెకున్నవాడికి వస్తుందా, ఇంటి యజమానికి వస్తుందా? ఈ రెండు ప్రశ్నలకు సగం పేజీ జవాబు వేసిన పత్రికను ఆ వారం జనం కత్తిరించి దాచుకునేవారు. అందులో తగాదా ఉంది, మంచీ ఉంది, చెడూ ఉంది. రాయడానికి మాత్రం ఒక విలేకరి సచివాలయం మెట్లు నాలుగుసార్లు ఎక్కాలి.

మీరు చేయవలసిన పని

మీ జిల్లా సంచికను వరుసగా ఏడు రోజులు దాచండి. స్కేలుతో ప్రతి వార్త పొడవు, వెడల్పు కొలవండి. తగాదా, నేరం–ప్రమాదం, పొగడ్త, పూర్తయిన పని లేక సాగుతున్న పని అని నాలుగు గడులు గీసి చదరపు సెంటీమీటర్లలో లెక్క రాయండి. ఏ గడిలో వేయాలో తేలని వార్తలను విడిగా పెట్టి, ఎందుకు తేలలేదో రెండు వాక్యాలు రాయండి. మూల్యాంకనంలో ఈ వాక్యాలకే ఎక్కువ మార్కులు. తరువాత ఏడాది కిందటి పాత సంచిక ఒకటి సంపాదించి, అందులో ‘త్వరలో’ అని రాసిన హామీని ఒకదాన్ని ఎంచుకొని, ఆ పని ఏమైందో స్వయంగా వెళ్లి చూసి రండి. పండుగ రోజుల సంచికలను లెక్కలో కలపవద్దు, వాటిలో ప్రకటనలే ఎక్కువ.