పాలకుర్తిలో నమ్మించినోళ్లు, నమ్మినోళ్లు

పాలకుర్తి పేరు మనం రెండు చోట్ల చదువుతాం. సాహిత్య చరిత్రల్లో పాల్కురికి సోమనాథుడి ఊరుగా, పోరాట చరిత్రల్లో చాకలి ఐలమ్మ ఊరుగా. (సోమనాథుడిది కన్నడ దేశమన్న వాళ్లూ ఉన్నారు. ఆ తగాదా ఇక్కడ వద్దు.) ఈ ఇద్దరినీ కలిపి చదివితే ఒక ప్రశ్న తగులుతుంది. ఊర్లో చెల్లని నమ్మకాన్ని పదిమందితో ఎట్లా ఒప్పిస్తారు? ఒప్పుకున్నందుకు మూల్యం ఎవరు కడతారు?

'బసవ పురాణం'లో మాదర చెన్నయ్య కథ చూడండి. చోళరాజు గుర్రాలకు గడ్డి కోసే మాదిగ. ఎవరికీ తెలవకుండ శివుడికి అంబలి పెడతాడు. ఆ అంబలి రుచి మరిగిన దేవుడికి రాజు వంట ఎక్కదు. చివరికి రాజే చెన్నయ్య కాళ్ల మీద పడతాడు. కులం తప్పు అని సోమనాథుడు ఇక్కడ వాదించడు, అంబలి చూపిస్తాడు. సంస్కృతం నిండిన చంపువును కాదని జాను తెనుగులో, ద్విపదలో రాసింది కూడా అందుకే. వినేవాళ్ల ఇండ్లల్ల ఉన్నది అంబలే కదా.

కానీ ఈ ఒప్పందంలో ఒక మెలిక ఉంది. చెన్నయ్యకు గౌరవం దక్కింది భక్తుడైనందుకు, మనిషైనందుకు కాదు. భక్తుడు కాని మాదిగకు ఆ కథలో చోటు లేదు. అదే పురాణంలో మడివాలు మాచయ్య భక్తుల బట్టలే ఉతుకుతాడు. పాత గీత చెరిపి కొత్త గీత గీసిండ్రు. అయినా ఎవరి బట్టలు ఉతకాలో చాకలే తేల్చుకోవడం చిన్న మాట కాదు.

నిజాం కాలంలో సోమనాథుడి ఊరి చాకలికి ఆ తేల్చుకునే హక్కు లేదు. దొర గడీలో వెట్టి చేయాల్సిందే. 1944 భువనగిరి ఆంధ్ర మహాసభలో సభ్యత్వ రుసుము అణాకు తగ్గించారు. అణా చిన్నదే. సంఘం చిట్టి తీసుకున్నవాడు మాత్రం దొరకు పగవాడయ్యేవాడు. 'దొరతోని మనకెందుకే' అన్న ఊరి మాటను పిరికితనం అని కొట్టేయలేం. అది అనుభవం.

ఐలమ్మ దళితురాలు కాదు, చాకలి. సంఘంలో చేరింది. ఆమె కౌలు పొలం పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు ఎత్తుకపోవాలని చూసిన్నాడు సంఘపోళ్లు కట్టెలు పట్టుకొని పొలానికొచ్చి, వడ్లు ఆమె ఇంటికి చేర్చారు. ఏ ఉపన్యాసం చేయని పని అది చేసింది. కానీ ఇల్లు తగలబడింది ఆమెది. అఘాయిత్యం జరిగింది ఆమె కూతురి మీద.

సుందరయ్య 1972 పుస్తకంతో సహా పార్టీ రాతల్లో సంఘం కర్త, ఐలమ్మ కర్మ. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఐలమ్మే మాట్లాడుతుంది. అప్పటికి ఆమె లేదు. 1985 సెప్టెంబరు 10న పోయింది, కారంచేడు హత్యాకాండ జరిగి రెండు నెలలు కూడా నిండలేదు. కారంచేడు తర్వాత కులం మాట ఎత్తినవాళ్లను వామపక్షం చీలికవాదులన్నది. శివసాగర్ వంటి కవి, నాయకుడికే పార్టీలో చోటు లేకపోయింది. ఊరూరా తిరిగి జనాన్ని ఒప్పించినోళ్లు తమ పక్క మనిషి చెప్పేది వినలేకపోయారు.

మనం వింటున్నామా? ఐలమ్మకు విగ్రహాలు లేచాయి, 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. మన పిల్లలు వాడకు పోయి 'బ్రాహ్మణీయ భావజాలం' అని గంటసేపు చెప్తారు. మూలకు కూసున్న పెద్దమ్మ అంతా విని అడుగుతది: 'మంచిగనే ఉన్నది బిడ్డా. రేపు కూలికి పిలువకపోతే మా ఇంటికి ఎవలొస్తరు?' మన సంచికల్లో ఆ పెద్దమ్మ మాట ఇంతవరకు అచ్చు కాలేదు.