ఆగే పని, ఆగని పని

ఆదివారం మధ్యాహ్నం మా అక్క కూతురు ఎస్సార్ నగర్ హాస్టల్ నుంచి వచ్చింది. భోజనాలు కాగానే నా చేతిలో ఒక కార్డుల కట్ట పెట్టి, "పిన్నీ, నువ్వు ప్రశ్న చదువు, నేను జవాబు చెబుతా" అంది. పాత శుభలేఖలు కత్తిరించి, ఖాళీగా ఉన్న వెనక వైపు తన చేత్తో రాసుకున్న ప్రశ్నలవి. చూడగానే ప్రాణం లేచి వచ్చింది. ఆ సంతోషం ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. ఫోన్ తీసి ఇంకొకటి చూపించింది. ఏదో వాట్సాప్ గ్రూపులో రెండు వందలకు కొన్న డంప్స్. వందల కొద్దీ ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న కింద ఏ, బీ, సీ, డీల్లో ఏదో ఒక అక్షరం. ఆ జవాబు ఎందుకు సరైనదో ఒక్క ముక్క లేదు.

తను రాయబోతున్న పరీక్ష పేరు సీఏపీఎం. ప్రాజెక్టుల నిర్వహణలోకి కొత్తగా అడుగుపెట్టేవాళ్ల కోసం అమెరికాలోని పీఎంఐ సంస్థ పెట్టిన పరీక్ష ఇది. మూడు గంటల్లో 150 ప్రశ్నలు. అందులో 15 ప్రశ్నలకు మార్కులుండవు, ప్రయోగం కోసం కలుపుతారు. ఏవి ఆ పదిహేనో రాసేవాళ్లకు తెలియదు కాబట్టి అన్నీ మనసు పెట్టే రాయాలి. మా అమ్మాయి బీకాం చదివి ఒక ఆఫీసులో బిల్లులు సరిచూసే పనిలో ఉంది. ప్రాజెక్టు కోఆర్డినేటర్ కావాలని కోరిక.

బట్టీ చదువుల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఎమ్‌సెట్ ర్యాంకుల గురించి రాసినా, సంగీతం పరీక్షల గురించి రాసినా చివరికి నేను చేరేది ఒక్క చోటికే: చెయ్యి తిరిగితేనే విద్య. గోడకు తగిలించే కాగితం మీద నాకెప్పుడూ గురి లేదు. అమీర్‌పేటలో మైత్రీవనం ముందు నుంచి వెళ్తూ కోర్సుల బోర్డులు చూసినప్పుడల్లా, ఇంతమంది పిల్లలు పని చెయ్యకుండానే పని నేర్చుకుంటున్నారే అని దిగులు పడేదాన్ని. ఆ దిగులుతోనే కార్డులు చదవడం మొదలుపెట్టాను.

నాలుగో కార్డు దగ్గర తను ఆగిపోయింది. 'ఫ్లోట్ అంటే ఏమిటి?' నిర్వచనం గడగడా అప్పజెప్పింది. చిన్న లెక్క ఇస్తే చెయ్యలేకపోయింది. అప్పుడు నాకు తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్న ఇల్లు కట్టించిన ఎండాకాలం గుర్తొచ్చింది. నేను డిగ్రీ చదువుతున్న రోజులు, 1990ల మొదట్లో మాట.

ఆ ఇంటికి మేస్త్రి ఒక పెద్దాయన. ఆషాఢం వచ్చేలోగా గృహప్రవేశం కావాలని నాన్న ముహూర్తం పెట్టించేశారు. మేస్త్రి అరుగు మీద కూర్చుని ఆ రోజు నుంచి వెనక్కి లెక్క కట్టాడు. సున్నాలకు ఇన్ని రోజులు, దానికి ముందు ప్లాస్టరింగ్, దానికి ముందు సెంటరింగ్ విప్పడం, దానికి ముందు శ్లాబు. లెక్క శ్లాబు దాకా వచ్చి ఒక తేదీ దగ్గర ఆగింది. "ఇది దాటితే ముహూర్తం దాటినట్టే" అన్నాడు. ఆయన భాషలో పనులు రెండే రకాలు: ఆగే పని, ఆగని పని. కిటికీల చెక్క ఆగుతుంది, వారం ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. శ్లాబు ఆగదు. క్యూరింగ్ అసలే ఆగదు. శ్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలిపే ఆ రోజుల్లో మనుషులు ఊరికే కూర్చున్నా, సిమెంటు తన పని తాను చేసుకుంటుంది, దాన్ని తొందరపెట్టకూడదు అనేవాడు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండలు మండే చోట 10 రోజులు క్యూరింగ్ ఉండాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. ఆయన ఆ పుస్తకం చూసి ఉండడు. రెండు వారాలు నీళ్లు నిలిపేవాడు.

ఇదంతా చెప్పాక మా అమ్మాయి కళ్లు మెరిశాయి. ఆగే పనికి ఎంత వెసులుబాటు ఉందో అదే ఫ్లోట్. ఏమాత్రం వెసులుబాటు లేని పనుల వరస క్రిటికల్ పాత్. మేస్త్రి వెనక్కి కట్టిన లెక్క బ్యాక్‌వర్డ్ పాస్. ముహూర్తం మన చేతిలో లేని హద్దు, అంటే కన్‌స్ట్రెయింట్. ఇసుక లారీ సమయానికి వస్తుందనుకోవడం అజంప్షన్. శ్లాబు రోజు ఆకాశంలో మబ్బు పడితే అది రిస్కు, వాన పడ్డాక అది ఇష్యూ. గుమ్మాల చెక్క అన్నీ కుదిరితే 7 రోజుల్లో, మామూలుగా 10, అంతా ఎదురు తిరిగితే 25 రోజుల్లో వస్తుందనుకుందాం. మధ్య అంకెను నాలుగింతలు చేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 12. ఇది పెర్ట్ లెక్క. అమెరికా నౌకాదళం 1958లో పొలారిస్ క్షిపణుల పని కోసం తయారు చేసుకున్న పద్ధతి. దాదాపు అదే కాలంలో డ్యూపాంట్ కంపెనీ రసాయన కర్మాగారాల కోసం క్రిటికల్ పాత్ లెక్క కట్టింది.

ఇక్కడితో ఆపేస్తే ఈ వారం కాలమ్ నా పాత దారిలోనే సాగిపోయేది. మేస్త్రికి ఏ సర్టిఫికెట్ ఉందని రాసి సంతకం పెట్టేదాన్ని. కానీ ఆ ఇంటి కథ అక్కడితో అయిపోలేదు.

శ్లాబుకు పది రోజుల ముందు మేస్త్రికి పచ్చకామెర్లు వచ్చాయి. ఆస్పత్రిలో చేర్చారు. ముహూర్తం ఆగదు కదా, నాన్న పక్క ఊరి నుంచి ఇంకో మేస్త్రిని పిలిపించారు. ఆయనా పనిమంతుడే. వచ్చి సెంటరింగ్ చూసి, కట్టిన ఊచలు చూసి, "మెట్లకు ఊచలు ఎక్కడ వదలమన్నాడు? ట్యాంకు గొట్టం ఎక్కడ దిగుతుంది?" అని అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. పెద్ద మేస్త్రి పుస్తకంలో ఎవరికి ఎంత ఇచ్చిందీ తప్ప ఏమీ లేదు. మిగతాదంతా ఆయన తలలో ఉంది. ఆ తల ఆస్పత్రి మంచం మీద ఉంది.

శ్లాబు రోజు తెల్లవారుజామునే కొబ్బరికాయ కొట్టారు. కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగడం మొదలైంది. ఆడవాళ్లు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటున్నారు. వరసలో అందరికంటే పైన, సెంటరింగ్ అంచున ఉన్నావిడ ఒక మూల చూపించి, "అక్కడ కన్నం వదలాలన్నాడయ్యా మేస్త్రి, బోదె ముక్క పెట్టమన్నాడు" అంది. గొట్టం దిగాల్సిన చోట అరటి బోదె ముక్క నిలబెట్టి పోస్తే, తర్వాత అది కుళ్లి ఊడిపోయి కన్నం మిగులుతుంది. పెద్ద మేస్త్రి ఇటుక ముక్కతో అక్కడ గీత గీసినప్పుడు ఆవిడ పక్కనే ఉందట. కింద నిలబడి నేను ఆ మాట విన్నాను. రెండోసారి కూడా అంది. "తట్ట అందించు ముందు" అన్నారెవరో. ఆ మూల కాంక్రీటుతో నిండిపోయింది. తర్వాత ఆ చోటే ఉలి, సుత్తి పట్టుకుని శ్లాబు పగలగొట్టి గొట్టం దింపారు. ఆ మూల ప్రతి వానాకాలం కారేది. అమ్మ దాని కింద ఇత్తడి గిన్నె పెట్టేది.

ఆ గిన్నెను ఎన్నో ఏళ్లు చూశాను. ఆవిడ మాటను దానితో కలిపి చూసింది మాత్రం ఈ ఆదివారమే.

చెయ్యి తిరిగితేనే విద్య అని నేను ఇన్నాళ్లూ రాసిన మాటలో ఒకటి వదిలేశాను. ఆ విద్య ఏ చేతికి ఇస్తారన్నది. పెద్ద మేస్త్రి తన పని కొడుక్కి నేర్పాడు, మేనల్లుడికి నేర్పాడు. పాతికేళ్లు తట్టలు మోసిన ఆడవాళ్లకు పనుల వరస అంతా తెలుసు, ఏది ఆగుతుందో ఏది ఆగదో తెలుసు. వాళ్లలో ఒక్కరి చేతికీ తాపీ రాలేదు. చేతి నుంచి చేతికి వచ్చే విద్యకు గుమ్మం దగ్గర కాపలా ఉంటుంది. మా అక్క కూతురికి తాపీ ఇచ్చే మేనమామ ఎవరూ లేరు. ఆఫీసులో ప్రాజెక్టు పని అడిగితే అనుభవం కావాలంటారు. అనుభవం కావాలంటే పని ఇవ్వాలి. పెద్ద పరీక్ష పీఎంపీకి డిగ్రీ ఉన్నవాళ్లను కూడా మూడేళ్ల అనుభవం చూపించమంటారు. సీఏపీఎంకు హైస్కూలు చదువు, 23 గంటల శిక్షణ ఉంటే చాలు. నువ్వు ఎవరి మనిషివని అడగరు. ఇన్నాళ్లూ నేను కోపంగా చూసిన ఆ కాగితం, బంధువులు లేనివాళ్లకు దొరికే ఒక గుమ్మం.

పరీక్షలో 27 శాతం ప్రశ్నలు బిజినెస్ అనాలిసిస్ నుంచి వస్తాయట. ఎవరికి ఏం కావాలో, ఎవరికి ఏం తెలుసో అడిగి తెలుసుకుని రాసిపెట్టే పని అది. శ్లాబుకు ముందు రోజు మా ఇంట్లో ఎవరైనా ఆ పని చేసి ఉంటే అమ్మకు గిన్నె అవసరం ఉండేది కాదు. ఆ పనికి పేరుండటం, ఆ పేరు కొత్త మేస్త్రికీ పాత మేస్త్రికీ తట్ట మోసేవాళ్లకీ ఒకేలా అర్థం కావడం చిన్న విషయమని ఇప్పుడు నేననలేను.

డంప్స్ మీద నా కోపం మాత్రం అలాగే ఉంది. ఏ, బీ, సీ, డీలు కంఠతా పట్టినవాళ్లు రేపు శ్లాబు ముందు నిలబడితే ఆవిడ మాట వినపడదు. ఆ ఫైలు తీసెయ్యమన్నాను. తీసేసింది. కార్డులు మళ్లీ రాసుకుంటానంది, ప్రతి మాట వెనక మా ఇంటి పని ఒకటి పెట్టుకుని. సగం ప్రశ్నలయ్యాక పది నిమిషాల విరామం ఇస్తారట. విరామం తీసుకున్నాక ముందు రాసినవాటి దగ్గరకు తిరిగి వెళ్లడం కుదరదు. అది కూడా పోసిన శ్లాబు లాంటిదేనంది తను.

వెళ్లేముందు, "పిన్నీ, ఆవిడ పేరేంటి?" అని అడిగింది. నాన్న ఇంటి లెక్కల పుస్తకం నా బీరువాలోనే ఉంది. ఇద్దరం కూర్చుని శ్లాబు రోజు పేజీ తీశాం. మేస్త్రి పేరు ఉంది. ఊచలు కట్టినతని పేరు, మిల్లర్ అద్దెకిచ్చినతని పేరు, కొబ్బరికాయల కొట్టు పేరు కూడా ఉన్నాయి. వాటి కింద, నాన్న గుండ్రటి చేతిరాతలో: ఆడకూలీలు, 6.