వంటిల్లు ఎవరిది?

తిండీ, సినిమా జాతుల మధ్య వంతెనలు వేస్తాయని తరచు వింటున్నాము. నిజమే కావచ్చు. కాని ఆ వంతెన మీదుగా ఏది దాటి వస్తున్నదో ఎవరూ విచారించరు.

ఆంగ్ లీ 1994లో తీసిన తైవాన్ చిత్రం ‘ఈట్ డ్రింక్ మ్యాన్ ఉమన్’ను మొన్న విద్యార్థులతో కలిసి మరోసారి చూశాను. తైపే నగరంలో చూ అనే పేరుమోసిన హోటలు వంటవాడు. భార్య లేదు, ముగ్గురు కూతుళ్లు. ప్రతి ఆదివారం వారికి విందు చేస్తాడు. అంత వండే మనిషికి నాలుక మీద రుచి చచ్చిపోయింది! చిత్రం మొదట్లో ఆయన కోయడం, వేయించడం దర్శకుడు ఎంతో ఓపికతో చూపించాడు. చేతిపనిని ఇంత గౌరవంగా చూపిన దృశ్యాలు తెరమీద అరుదు. బల్లనిండా వంటకాలున్నాయి, కూతుళ్లకే ఆకలి లేదు. వారికి ఆ విందు హాజరు వేయించుకునే చోటు. చిన్నది పనిచేసేది అమెరికావారి హాంబర్గర్ దుకాణంలో.

ఈ కథనే 2001లో ‘టోర్టియా సూప్’ పేరుతో లాస్ ఏంజెలిస్‌లోని మెక్సికన్ సంతతి కుటుంబానికి మార్చి తీశారు. వంటకాలు మారాయి, తండ్రి పెత్తనం మారలేదు. అంత సులువుగా సముద్రం దాటింది రుచి కాదు, పితృస్వామ్యమని నా అనుమానం.

చిత్రానికి ఆయువుపట్టు రెండో కూతురు. విమాన కంపెనీలో పెద్ద ఉద్యోగి. చిన్ననాటినుంచీ ఆమెకు వంటమీదే మనసు. చదువుకొమ్మని తండ్రే వంటింట్లోంచి వెళ్లగొట్టాడు. “ఎంత మంచి తండ్రండీ!” అన్నాడొక విద్యార్థి. “మమ్మల్ని వెళ్లగొట్టేవాళ్లేరీ?” అంది వెనకనుంచి ఒక అమ్మాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి నా భార్య వడ్డించిన అన్నం ముందు కూర్చున్నాక మళ్లీ నవ్వు రాలేదు.

మన ఇళ్లలో వంట ఆడదానికి విధి. అదే హోటల్లో మగవాడికి జీతం, పేరు. చిత్రంలోనూ అంతే. పక్కింటి పాపకు చూ తన వంట పంపి, ఆమె తల్లి కట్టిన భోజనం తాను తింటాడు. ముచ్చటైన ఘట్టమే. అయితే ఆ తల్లి వంట నవ్వుకోవడానికి, ఈయన వంట మెచ్చుకోవడానికి! ఇక్కడే ఆంగ్ లీతో నాకు పేచీ.

చివర ఆ పేచీని ఆయనే కొంత తీర్చాడు. అమ్మేసిన ఇంట్లో ఈసారి వండింది రెండో కూతురు. తండ్రి సూప్ చవిచూసి అల్లం ఎక్కువైందంటాడు. ఆమె ఒప్పుకోదు, వాదిస్తుంది. తనకు రుచి తెలుస్తోందని ఆయనకు అప్పుడు స్ఫురిస్తుంది. మరికొంత పొయ్యమని గిన్నె చాపుతాడు.